వెనక్కి చూడటం నా పని

"బానే ఉందంట" అంటూ అశోక్ ఎకో గది తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. చొక్కా గుండీలు సగం కూడా పెట్టుకోలేదు, గుండె మీద రాసిన జెల్లు తడి ట్యూబులైటు వెలుగులో మెరుస్తూనే ఉంది. "కవాటాలూ బానే ఉన్నాయి, పంపింగూ బానే ఉంది" అని అతనింకా చెబుతూనే ఉన్నాడు, నేను లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, చేతిలో ఉన్న జాంకాయ తీసి పక్క కుర్చీలో ఉన్న పేరు కూడా తెలియని పెద్దావిడ చేతిలో పెట్టేశాను. ఆవిడ జాంకాయ వైపు చూసి, నా కాలి మెట్టెల వైపు చూసి, పసుపు ఇంకా వదలని నా తాడు వైపు చూసి, "ఏమ్మా, నెల తప్పావా?" అంది. కాదండీ, మా ఆయన గుండె బాగుందండీ అన్నాను. వరండాలో నలుగురు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. ఆవిడ జాంకాయ కొరికి, "బాగోక ఏం చేస్తదమ్మా, పాతికేళ్ళ కుర్రాడికి" అంది. ఇరవై తొమ్మిదండీ, వెన్నుకి మాత్రం అరవై అంటారండీ మా డాక్టరుగారు, అందామనుకుని అనలేదు. అంత కమ్మగా తింటున్న మనిషికి అవన్నీ ఎందుకు?

ఇప్పుడు ధవళేశ్వరం దాటి కాలవ గట్టు ఎక్కాం. నేను బండి మీద వెనక కూర్చుని, ఎడమ చెంప అతని వీపుకి ఆనించి, రిపోర్టు ఉన్న ప్లాస్టిక్ కవరు మా ఇద్దరి మధ్య నలగకుండా పట్టుకుని, మూడు పనులూ ఒకేసారి చేస్తున్నాను. నాలుగో పని వెనక్కి చూడటం. అది నా ఉద్యోగం. అశోక్ మెడ కుడి పక్కకి కొంచెం తిరుగుతుంది, ఎడమ పక్కకి అసలు తిరగదు. అద్దంలో ఒక మూల కనిపించదు. ఆ మూల నాది. పెళ్ళయిన పదో రోజున ఇచ్చాడీ ఉద్యోగం, జీతం ఏంటండీ అంటే రోజుకో పూలమొక్క అన్నాడు, ఆ లెక్కన ఇంటి చుట్టూ ఇప్పటికి అరవై మొక్కలు పైనే రావాలి. "ఇసక లారీ వస్తోందండీ, కాస్త పక్కకి రండి" అన్నాను. వచ్చాడు. లారీ వెళ్ళిపోయింది. కాలవలో కొత్త నీళ్ళు ఎర్రగా, పాలు కలపని టీలాగా గట్టు అంచుదాకా వెళుతున్నాయి. చెంప కింద అతని వెన్ను గట్టిగా ఉంది, గుంట లేదు, వంపు లేదు, గోడకి ఆనుకున్నట్టే ఉంటుంది. ఆ గోడ లోపలినుంచి గుండె చప్పుడు వినిపిస్తోంది, లేదా బండి చప్పుడేమో, నాకు రెండూ ఒకటే అనిపిస్తోంది, బాగుందంట, కవాటాలు బాగున్నాయంట. గుండెలో తలుపులుంటాయని నేను ఇంటర్లో చదివాను, బొమ్మ గీసి పేర్లు రాస్తే ఐదు మార్కులు. ఆ తలుపు సరిగ్గా పడుతుందా లేదా అని ఒక మనిషి కోసం నెల రోజులు భయపడాల్సి వస్తుందని ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

నెల క్రితం కీళ్ళ డాక్టరుగారు చెప్పిన మాట ఇది. ఆవిడ సన్నగా, చిన్న గొంతుతో, చేతిలో పెన్ను తిప్పుతూ మాట్లాడతారు. వెన్నులో వాపు వెన్నులోనే కూర్చోదమ్మా, అన్నారు. ఆ వాపు ఒంట్లో ఏళ్ళ తరబడి ఉంటే రక్తనాళాల లోపలి గోడలు కూడా దెబ్బతింటాయి, మామూలు వాళ్ళకంటే గుండె జబ్బు భయం కాస్త ఎక్కువ. కొందరికి గుండెలోంచి పెద్ద నాళం బయల్దేరే చోట వాచి, అక్కడి కవాటం సరిగ్గా మూసుకోదు. అందరికీ రాదు, కానీ చూసుకోకుండా ఉండకూడదు. నేను అతని నడుం నొప్పి కోసం వెళ్ళాను, గుండె మాట విని వచ్చాను. ఆ రోజు ఇదే గట్టు మీద ఇలాగే వెనక్కి చూస్తూ వచ్చాను, ఏమీ కనిపించలేదు, కళ్ళనిండా నీళ్ళే. డెబ్బై మూడు రోజులండీ మా పెళ్ళయి, అందులో ముప్పై రోజులు ఈ భయంతోనే సరి. మిగతా నలభై మూడు రోజుల్లో ఎన్ని తమాషాలో, ఒక్కోటీ చీర మడతలో దాచుకున్నట్టు దాచుకున్నాను.

తలంబ్రాల దగ్గర మొదలైంది. మా భీమవరంలో పెళ్ళి. నేను దోసిలి ఎత్తితే పెళ్ళికొడుకు తల వంచాలా, వంచడే! నిటారుగా కూర్చుని నవ్వుతాడు. మా తాతయ్య వెనకనుంచి "ఏం పొగరండీ కడియం వాళ్ళకి, తల వంచితే కిరీటం పడిపోద్దా?" అన్నాడు, మా పిన్నులందరూ పందెం కట్టారు, నేను లేచి పీట మీద నిలబడి అతని నెత్తిన మొత్తం గుమ్మరించేశాను. పొగరనుకున్నారంతా. నేను మాత్రం సరసం అనుకున్నాను, ఆ పూటే మనసు పారేసుకున్నాను. పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టమంటే కూడా వంగకుండా ఒక మోకాలు కిందపెట్టి రాజుగారి బంటులా కూర్చునేవాడు. అదీ సరసమే అనుకున్నాను. తర్వాత తెలిసింది, వంగితే లేవలేడని.

ఆ తర్వాత ఇంకో తమాషా, అప్పుడు తమాషాగా లేదు. తెల్లవారకుండానే మంచం ఖాళీ. మొదటి వారం అంతా అంతే, నాలుగింటికి చెయ్యి చాపితే దుప్పటి. నేను నచ్చలేదేమో అనుకున్నాను. గురక పెడతానేమో అనుకుని ఫోన్లో రికార్డు కూడా చేసి విన్నాను, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అడిగితే అత్తయ్య మురిసిపోయింది, "మావోడు చిన్నప్పటినుంచీ అంతేనే అమ్మాయ్, కోడి కంటే ముందు మడిలో ఉంటాడు, ఈ ఊళ్ళో అంత కష్టపడేవోడు లేడు" అంది. అత్తవారి నర్సరీలో మొక్కలు మోసేవాళ్ళందరూ అదే మాట. ఎనిమిదో రోజున టీ గ్లాసు పట్టుకుని వెనకాలే వెళ్ళాను. ఆకుపచ్చ వల కింద, క్రోటన్ మొక్కల వరసల మధ్య, అశోక్ సిమెంటు స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని నిలబడి ఉన్నాడు. నాకంటే దానికే అదృష్టం ఎక్కువ అనుకుంటూ దగ్గరికెళితే పళ్ళు బిగపట్టి ఉన్నాడు. పడుకుంటే బిగుసుకుపోద్ది, ఓ గంట తిరిగితే వదుల్తది, కడియం నడుం ఇంతే పావనీ, అన్నాడు. నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే మొక్కలు లారీకెత్తే సామ్యేలు నడుం అలా కాదు, సామ్యేలుకి సాయంత్రం నొప్పి, పడుకుంటే తగ్గుతుంది, ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి పడుకుంటే సోమవారానికి కొత్త మనిషి. ఇతనికి ఎదురు. విశ్రాంతి తీసుకుంటే నొప్పి, పని చేస్తే సుఖం. ప్రతి ఇంట్లోనూ ఒకరికి నడుం పట్టేసే ఊళ్ళో ఈ తేడా ఎవరు చూస్తారు? పదేళ్ళు ఆ నొప్పిని బుద్ధిమంతుడి గుణం అనుకున్నారు. తర్వాత వారం అతనికి ఒక కన్ను ఎర్రబడింది, ఏటా వచ్చే కళ్ళకలకే అన్నారు, నేను వినలేదు, రాజమండ్రి తీసుకెళ్ళాను, ఆ కంటి డాక్టరుగారు కంట్లోకి లైటు వేస్తూ "నీకు నడుం నొప్పి ఉందా బాబూ?" అని అడిగారు. కన్ను చూస్తూ నడుం సంగతి అడిగిన ఆయనకి నేను మనసులో అప్పుడే ఒక మొక్క ఇచ్చేశాను. అక్కడినుంచి కీళ్ళ డాక్టరు, స్కానింగు, బీ ఇరవై ఏడని బస్సు నంబరులాంటి పేరున్న రక్తపరీక్ష, ఇవాళ ఎకో.

"పొత్తు తింటావా?" అన్నాడు అశోక్ బండి స్లో చేసి. గట్టు మీద తాటాకు గొడుగు కింద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. తింటాను. ఎందుకు తినను, ఇవాళ గుండె బాగున్న రోజు. నిమ్మచెక్క ఉప్పులో ముంచి రాసిన పొత్తు, చినుకులు, ఎర్ర కాలవ, పక్కన మొగుడు. ఇంకో మనిషినైతే ఇంతకంటే ఏమీ అడగను. కానీ ఇవాళ నేను ఒకటి అడగాలి. ఎకో రిపోర్టు తీసుకుని కీళ్ళ డాక్టరుగారి గదికి వెళ్ళినప్పుడు ఆవిడ చూసి నవ్వి, బాగుంది, ఇలాగే కాపాడుకుందాం, ఏటా ఒకసారి చూద్దాం, ఈ జబ్బు మోతవల్ల రాలేదు, పని చెయ్యబట్టే ఇంకా కదులుతున్నావు, వ్యాయామం మానొద్దు, ఈత వస్తే కాలవలో కాకుండా ఎక్కడైనా ఈదు, అని అన్నీ చెప్పి, ఫైలు మూస్తూ ఊరికే అడిగినట్టు అడిగారు, ఇంట్లో ఇంకెవరికైనా నడుం బిగుసుకుపోవడం, వంగిపోవడం ఉందా? అశోక్ వెంటనే "మా నాన్న వంగిపోయాడండి, కానీ ఆయనది పనివల్లండి, నలభై ఏళ్ళు మొక్కలు మోసి" అన్నాడు. ఆవిడ మూసిన ఫైలు మళ్ళీ తెరిచారు. ఆయాసం ఉందా? నాలుగేళ్ళనుంచీ గ్యాసంటాడండి. పొగ? చుట్టండి. గుండె ఎప్పుడైనా చూపించారా? లేదండి. రేపు పొద్దున్నే తీసుకురండి, నేను వార్డుకి వెళ్ళకముందే చూస్తాను, అన్నారావిడ, వచ్చే వారం అనలేదు.

మావయ్యగారు. అప్పాజీ గారంటే కడియపులంకలో అంటు కట్టడానికి పెట్టింది పేరు, ఆయన కట్టిన అంటు నూటికి తొంభై ఐదు బతుకుతుంది. వీపు విల్లులా వంగి, చూపు ఎప్పుడూ నేల మీదే. అంటు కట్టేవాడికి దేవుడిచ్చిన వీపు అంటారు ఊళ్ళో, ఆయనా నవ్వుతాడు. మనుషుల్ని కాళ్ళు చూసి గుర్తుపడతాడు. నన్ను కూడా, మెట్టెలు, పారాణి, గోళ్ళ రంగు. పెళ్ళిలో ఆశీర్వాదానికి నేను వంగినప్పుడే మొదటిసారి నా మొహం చూశాడు, "ఓహో, నువ్వా అమ్మా!" అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తొంభై ఐదు అంటులు బతికించే మనిషిని ఎవరూ ఒక్కసారి కూడా తిన్నగా నిలబెట్టి చూడలేదు. నేను చూశానా? నేనూ చూడలేదు. అశోక్‌ది జబ్బని తెలిసిన రోజు ఆయన అన్నం తినలేదు. మర్నాడు లోడు దగ్గర, అశోక్ ముట్టుకోబోయిన, మట్టితో ఉన్న మామిడి మొక్క ప్యాకెట్టు ఆయన లాక్కున్నాడు, నువ్వు మొయ్యకురా అన్నాడు. అప్పటినుంచీ తనే మోస్తున్నాడు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇరవై కేజీల ప్యాకెట్లు, లారీదాకా. పోయిన మంగళవారం ప్యాకెట్ల మీద కూలబడి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే నేను మంచినీళ్ళు తెచ్చాను. గ్యాసమ్మా, అన్నాడు. నేను నమ్మాను. నడుం సంగతి ఊరంతా నమ్మినట్టే నేనూ గ్యాసు నమ్మాను, బోటనీ డిగ్రీ చేతిలో పెట్టుకుని.

పొత్తు తినేసి, మోకాలు కిందపెట్టి చేతులు కాలవ నీళ్ళలో కడుక్కుని, "నాన్నకి చెప్పొద్దు" అన్నాడు అశోక్. నా వైపు తిరగాలంటే మొత్తం ఒళ్ళు తిప్పాలి, తిప్పాడు. "పదిహేనో ఏటనుంచీ నాచేత మోయించి నా నడుం పోగొట్టానని ఇప్పటికే కుమిలిపోతున్నాడు. రక్తంలోనే వచ్చిందంటే ఇంక లేవడు. మెల్లగా చూద్దాం. గ్యాసు డాక్టరని చెప్పి ఓ రోజు తీసుకెళ్దాం." పదేళ్ళు కడియం నడుం అన్నారు, నాలుగేళ్ళుగా గ్యాసంటున్నారు, ఇంకో అబద్ధం కూడా కలుపుతామా అండీ? అన్నాను. అతను తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. నాకు భయం లేక కాదు, డెబ్బై మూడు రోజుల కోడల్ని, ఇంకా వంటింట్లో చింతపండు డబ్బా ఎక్కడుంటుందో వెతుక్కుంటూనే ఉన్నాను, మావయ్యగారితో మీ రక్తం అనడం ఎలా? కానీ ఈ రోజు లారీ వస్తుంది, బెంగుళూరు లోడు, ఆయన మోస్తాడు. ఇవాళే చెప్పెయ్యడానికి అది చాలు నాకు. "బండి ఎక్కండి, వెనక నేను చూస్తాను" అన్నాను. ఎక్కాడు. మిగతా దారంతా చెంప ఆనించలేదు, తిన్నగా కూర్చున్నాను, ఏ మాట ముందు చెప్పాలి, ఏ మాట తర్వాత, చెప్పేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలి. బంతి నారు మడులు, గులాబీ ప్యాకెట్లు, తడి మట్టి వాసన, ఒక్కొక్క నర్సరీ బోర్డు వెనక్కి పోతోంది. తల్లి మొక్క, అనుకున్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. కాదు, తెలుసు, ఆయన దగ్గరినుంచే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఒక సపోటా అంటు ఆకు ముడుచుకుంటే ఆయన దాన్ని పీకి పారెయ్యలేదు, చేత్తో పట్టుకుని తోట చివరిదాకా నడిచాడు, నేనూ వెనకాల నడిచాను, ఆ కొమ్మ ఏ చెట్టునుంచి కోశాడో ఆ తల్లి మొక్క చుట్టూ తిరిగి, కింద మట్టి తవ్వి, వేరు చూశాడు. అంటులో తేడా వస్తే తల్లిని చూడాలమ్మా, అన్నాడు.

లారీ వచ్చేసి ఉంది. సామ్యేలు పైన నిలబడి అందుకుంటున్నాడు, మావయ్యగారు కిందనుంచి ఒక ప్యాకెట్టు పొట్టకి ఆనించుకుని వస్తున్నారు. నేను చెప్పులు వదిలేసి వెళ్ళి ఆయన ఎదురుగా తడి నేల మీద గొంతుక్కూర్చున్నాను, కొత్త చీర అని కూడా చూసుకోలేదు. అప్పుడే ఆయనకి నా మొహం కనిపించేది. ఆయన ఆగాడు. "కూర్చున్నావంటే ఏదో అడుగుతావు" అన్నాడు. ఒకటి చెబుతానండీ, ఒకటి అడుగుతాను, ఆ ప్యాకెట్టు దించండి ముందు. దించాడు. మీ అబ్బాయి గుండె బాగుందండీ. ఆయన కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. ఇంకా ఉందండీ, అన్నాను, మీరు మోయించడం వల్ల రాలేదండీ ఆ జబ్బు, పని చెయ్యబట్టే ఇంకా కదులుతున్నాడని చెప్పారండీ డాక్టరుగారు. ఆయన నా మొహంలోకి చూశాడు. "డాక్టరమ్మ అందా, నువ్వంటున్నావా?" ఆవిడే అన్నారండీ, కావాలంటే రేపు మీరే అడగండి. "మరెక్కడనుంచి వచ్చిందంట?" అన్నాడు. నా వెనక అశోక్ అడుగు ముందుకి పడి ఆగడం వినిపించింది.

అంటులో తేడా వస్తే మీరెక్కడికెళ్ళి చూస్తారండీ మావయ్యగారూ, అన్నాను. మావయ్యగారి చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళి తన నడుం మీద ఆగింది, అక్కడే ఉండిపోయింది. నేను ఆగలేదు, ఆగితే ఏడ్చేస్తాను. తేడా వచ్చిందని తల్లి మొక్కని నరికేస్తారా అండీ మీరు? "ఎందుకు నరుకుతానమ్మా" అన్నాడు, "తోటంతా దానిదే గదా." మరేం చేస్తారండీ? "చూస్తాను. వేరు చూసి మందు పెడతాను." నేను తల ఊపాను, ఎన్నిసార్లు ఊపానో. ఆయన అశోక్ వైపు చూడబోయాడు, మెడ లేవలేదు, అశోకే వచ్చి నా పక్కన ఒక మోకాలు కిందపెట్టి కూర్చున్నాడు, రాజుగారి బంటులా. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా వచ్చాయి. "ఆయాసం గ్యాసు కాదేమోరా" అన్నాడు మావయ్యగారు, తప్పు ఒప్పుకున్నట్టు. అంతలోనే "అయినా రేపు లోడుంది" అన్నాడు. "లోడు నేనూ, నాతో మోసే వెంకన్నా చూసుకుంటామండీ, ఆయ్, మీరెళ్ళి రండి" అన్నాడు సామ్యేలు పైనుంచి, అంత గంభీరంగా అన్నాడు, అందరం నవ్వేశాం. "ఈ చదువుకున్న కోడళ్ళతో చచ్చే చావొచ్చింది" అన్నాడు మావయ్యగారు, నవ్వు దాచుకోవడం ఆయనకి రాదు, నేను కింద కూర్చున్నాను కాబట్టి మొత్తం కనిపించేసింది.

లేచి, చీర కుచ్చిళ్ళ మట్టి దులుపుకుని, అందరికీ వినిపించేలా చెప్పాను. రేపు పొద్దున్న ఆరున్నరకి ఆటో. మావయ్యగారు నా పక్కన కూర్చుంటారు, అశోక్ డ్రైవరు పక్కన. చుట్టలు ఇంట్లోనే. ఈ రోజు ఇంకో ప్యాకెట్టు కూడా ఎత్తొద్దు. ఇడ్లీ తినొచ్చు, అత్తయ్యకి నేను చెబుతాను. జెల్లు చల్లగా ఉంటుందండీ, ఉలిక్కిపడకండి, తలుపు బయట నేనే ఉంటాను. జాంచెట్టు దగ్గరికి వెళ్ళి దోరగా ఉన్నవి రెండు చూసి కోసుకొచ్చాను, రేపటి సంచిలో వేశాను, ఆ వరండాలో నా పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు కదా.